సాకెట్‌లో కూర్చున్న సాక్షి

ఇంటెల్ 1702 అనే మెమరీ చిప్‌కి నడినెత్తిన ఒక చిన్న కిటికీ ఉండేది. మామూలు గాజు అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది కనుక దానికి క్వార్ట్జ్ పలక బిగించేవారు. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ తయారుచేసిన చిప్ అది. అందులో ప్రోగ్రాం ఎక్కించవచ్చు. ఎక్కించింది తప్పని తేలితే కిటికీ మీద అతినీలలోహిత దీపం వెలిగించి చెరిపేసి, మళ్లీ ఎక్కించవచ్చు. పట్టేది 256 బైట్లు. చెరగడానికి పది, ఇరవై నిమిషాలు. ఆ తర్వాత చిప్‌ని ప్రోగ్రామర్ అనే పెట్టెలో పెట్టి రాయాలి, తీసి బోర్డు మీది సాకెట్‌లో గుచ్చాలి, స్విచ్ వేసి చూడాలి. పనిచేయకపోతే ఎందుకు పనిచేయలేదో బోర్డు నోరు విప్పదు. ఇదై ఉంటుందని ఒకటి ఊహించుకుని, ఒక్క బైటు మార్చి, మళ్లీ దీపం కిందికి.

మైక్రోప్రాసెసర్ పుట్టిన తొలి నాలుగేళ్లలో దానితో పనిచేసినవాళ్ల రోజులు ఇలా గడిచాయి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అని మనం ఊరికే అంటుంటాం గానీ, ఆ మాటకు అచ్చమైన అర్థం వాళ్లకు తెలుసు. ఆ చీకటిని తొలగించిన పరికరం పేరు ఇన్-సర్క్యూట్ ఎమ్యులేటర్. వృత్తిలో ఉన్నవాళ్లం ముద్దుగా ఐస్ అంటాం. మొబైల్ ఫోన్ల మీద, కృత్రిమ మేధ మీద పుస్తకాలకు పుస్తకాలు వస్తున్నాయి. వాటిలోని చిప్‌ల పూర్వీకులు చాలావరకు నడక నేర్చుకున్నది ఈ పరికరం చెయ్యి పట్టుకునే. దాని కథ మాత్రం ఎక్కడా కనబడదు. అందుకే చెప్పాలనిపించింది.

1971 నవంబరులో ఇంటెల్ 4004 వచ్చింది. 2,300 ట్రాన్సిస్టర్లు, 16 కాళ్లు. బిజీకాం అనే జపాన్ సంస్థ కాలిక్యులేటర్ల కోసం మొదలైన పని అది. దాని రాకతో జరిగిన అసలు మార్పు పరిమాణంలో కాదు. అంతవరకూ ఒక యంత్రం ఎలా ఆలోచించాలన్నది తీగల్లో, గేట్లలో ఉండేది. ఆసిలోస్కోప్ మొన ఆనిస్తే ఏ గేటు దగ్గర కథ అడ్డం తిరిగిందో కంటికి కనిపించేది. 4004తో ఆ తర్కమంతా తీగల్లోంచి లేచి ప్రోగ్రాంలోకి వెళ్లిపోయింది. తీగలు సవ్యంగానే ఉంటాయి, వోల్టేజీలు సవ్యంగానే ఉంటాయి, యంత్రం మాత్రం పనిచేయదు. ఆసిలోస్కోప్ పదే పదే వచ్చే అలను చూపగలదు. ప్రోగ్రాం ఒకసారి వెళ్లిన దారిలో మళ్లీ వెళ్లాలని లేదు.

పెద్ద కంప్యూటర్లకు ఈ బాధ లేదు. పీడీపీ-8 లాంటి మినీ కంప్యూటర్ ముందు పలక మీద వరసగా స్విచ్‌లు, దీపాలు ఉండేవి. ఆపాలంటే ఆపొచ్చు, ఒక్కొక్క అడుగు నడిపించొచ్చు, ఏ గడిలో ఏముందో దీపాల్లో చదువుకోవచ్చు. తూకం యంత్రంలోనో, పెట్రోలు పంపులోనో దాక్కున్న ప్రాసెసర్‌కు స్విచ్‌లెక్కడివి, దీపాలెక్కడివి?

రెండు దారులు తోచాయి. ఒకటి, చిప్‌ని మొత్తంగా పెద్ద కంప్యూటర్‌లో ప్రోగ్రాంగా అనుకరించడం. కాలిఫోర్నియాలోని మాంటెరీలో, నౌకాదళ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో పాఠాలు చెబుతూ గ్యారీ కిల్డాల్ ఇంటెల్ 8008 చిప్‌కి అలాంటి సిమ్యులేటర్ రాశాడు. ఇంటెల్ కోసం పీఎల్/ఎం భాషనూ, ఆ తర్వాత సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్‌నూ తెచ్చినవాడు ఆయనే. సిమ్యులేటర్‌లో ప్రాసెసర్ లోపలి గడులు, అంటే రిజిస్టర్లన్నీ కనిపిస్తాయి. కానీ అందులో మోటారు తిరగదు, మీట నొక్కే మనిషి ఉండడు. రెండో దారి లాజిక్ ఎనలైజర్. 1973లో హ్యూలెట్ పాకార్డ్ అలాంటి పరికరాలను అమ్మకానికి పెట్టింది. తీగల మీద సున్నాలూ ఒకట్లూ ఏ క్రమంలో వెళ్లాయో నమోదు చేసి చూపేది. బయటి ప్రపంచం అంతా నిజమే, కానీ ప్రాసెసర్ కడుపులో ఏముందో తెలియదు. పైగా అది చూడగలదే గాని ఆపలేదు, ప్రశ్నించలేదు.

ఇక్కడే ఎవరికో వచ్చిన ఆలోచన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. బోర్డు మీది ప్రాసెసర్‌ని ఊడబెరికేయండి. ఖాళీ అయిన సాకెట్‌లో, అచ్చం అదే చిప్‌లా 40 కాళ్లున్న ఒక ప్లగ్ గుచ్చండి. ఆ ప్లగ్ నుంచి కేబుల్ వెళ్లి ఒక పెట్టెలో చేరుతుంది. పెట్టెలో మరో ప్రాసెసర్ ఉంటుంది, అదే రకం, అదే వేగం. బోర్డుకు తేడా తెలియదు. సాకెట్‌లో తన మనిషే కూర్చున్నాడనుకుంటుంది. కానీ ఆ కూర్చున్నవాడు ఇప్పుడు మనం అడిగిందానికి జవాబు చెప్పే సాక్షి.

ఎమ్యులేటర్ అన్న మాట అంతకుముందే ఉంది. 1960ల్లో ఐబీఎం కొత్త సిస్టమ్/360 యంత్రాల మీద పాత యంత్రాల ప్రోగ్రాంలు నడిపించడానికి వేసిన పథకానికి ఆ పేరు పెట్టారు. ఒక యంత్రం మరో యంత్రంలా నటించడం అక్కడి సంగతి. ఇక్కడ నటన తక్కువ. పెట్టెలో ఉన్నది నిజమైన ఇంటెల్ 8080 చిప్పే. దాని చుట్టూ కాపలా పెట్టడమే కొత్తదనం.

1975లో ఇంటెల్ తన ఇంటెలెక్ ఎండీఎస్ అనే అభివృద్ధి యంత్రానికి జతగా ఐస్-80ని తెచ్చింది. 8080కి 64 కిలోబైట్ల అడ్రస్‌లు, 2 మెగాహెర్ట్జ్ వేగం. ప్రోగ్రాం ఫలానా అడ్రస్‌కి రాగానే ఆగమని టైపు చేసి చెప్పవచ్చు. దీన్నే బ్రేక్‌పాయింట్ అంటారు. ఆగాక అంతకుముందు నడిచిన కొన్ని పదుల మెషీన్ సైకిళ్ల జాడ తెర మీద చూడవచ్చు. ఏ అడ్రస్ అడిగింది, ఏ డేటా వచ్చింది, చదివిందా రాసిందా అన్నీ వరసగా. దీపం కింద గంటలు గడిపినవాడికి ఆ తెర మొదటిసారి కనిపించినప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను.

ఆపడమెలా అన్నది ఒక్క క్షణం నిలబడి చూడాల్సిన విషయం. 8080 గడియారాన్ని పట్టి ఆపేస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. ఆ తరం చిప్‌లో రిజిస్టర్ల విలువలు చిన్న విద్యుదావేశాలుగా నిలుస్తాయి. గడియారం కొడుతుంటేనే అవి తాజాగా ఉంటాయి, ఆగితే చెరిగిపోతాయి. గుండె కొట్టుకుంటూ ఉండగానే మనిషిని కదలకుండా నిలబెట్టాలన్నమాట. దానికి ఎమ్యులేటర్ చేసే పని ఇది. ప్రాసెసర్ తర్వాతి ఆదేశం కోసం మెమరీ వైపు చెయ్యి చాపుతుంది. ఆ క్షణంలో ఎమ్యులేటర్ అసలు మెమరీని పక్కకు తప్పించి, తన సొంత ఆదేశాన్ని ఆ చేతిలో పెడుతుంది. 'ఎ' రిజిస్టర్‌లో ఉన్నది ఫలానా చోట రాయి, అని. ప్రాసెసర్ అది తన ప్రోగ్రాం చెప్పిన మాటే అనుకుని బుద్ధిగా రాస్తుంది. ఎమ్యులేటర్ ఆ విలువ పట్టుకుని మనకు చూపిస్తుంది. ఇలా ఒక్కొక్క రిజిస్టరూ అడిగి తెలుసుకుని, చివరికి అన్నిటినీ ఎక్కడివక్కడ సర్ది, ప్రోగ్రాంని ఆగిన చోటినుంచే మళ్లీ వదిలేస్తుంది. వైద్యుడు నాడి పట్టుకున్నట్టు, రోగికి నొప్పి తెలియకుండా.

అయితే సాకెట్‌లో కొత్తవాడిని కూర్చోబెట్టగానే పంపకాల సమస్య మొదలైంది. ఉమ్మడి కుటుంబంలో వేరు కాపురం పెట్టినప్పటిలాగా, ఏది ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ఎమ్యులేటర్‌ను కాన్ఫిగర్ చేయడమంటే నా దృష్టిలో ఇదే. మెమరీ ఎవరిది? గడియారం ఎవరిది? రీసెట్ ఎవరి చేతిలో ఉంది?

వీటిలో మెమరీ పంపకం గొప్ప ఆలోచన. 64 కిలోబైట్లనూ ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకూ మూడు మాటల్లో ఒకటి చెప్పవచ్చు. ఇది బోర్డు మీది మెమరీ. లేదా, ఇది అభివృద్ధి యంత్రంలోంచి అప్పు తెచ్చుకున్న మెమరీ. లేదా, ఇక్కడ ఏమీ లేదు, ప్రోగ్రాం ఇటు అడుగుపెడితే వెంటనే ఆపి కేక వెయ్యి. రెండో మాటతో బోర్డు మీద ప్రోగ్రాం చిప్‌ల సాకెట్లు ఖాళీగా ఉన్నా పని మొదలుపెట్టగలిగారు. దీపం, చెరపడం, రాయడం అన్నీ తప్పాయి. ప్రోగ్రాంని అప్పు మెమరీలోకి దించుకుని, మీట నొక్కి నడిపించుకోవచ్చు. హార్డ్‌వేర్ పూర్తయ్యాకే సాఫ్ట్‌వేర్ అన్న వరస పోయి రెండూ పక్కపక్కన సాగాయి. మూడో మాట కాపలాదారు. దారి తప్పిన ప్రోగ్రాం ఎప్పుడూ లేని చోటికే పరుగెత్తుతుంది. అక్కడ కాపలా ఉంటే దొంగ ఇంటి గుమ్మంలోనే దొరుకుతాడు.

గడియారం సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. కాలేజీలో మా తరం అందరిలాగే నేనూ 8085 ట్రైనర్ కిట్ మీద హెక్స్ మీటలు నొక్కి రెండంకెలు కూడడం నేర్చుకున్నవాణ్ణే. నిజమైన ఎమ్యులేటర్‌ని ముట్టుకున్నది హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో, 8051 బోర్డు కోసం. 8051 ఇంటెల్ 1980లో తెచ్చిన మైక్రోకంట్రోలర్. చిన్న సూట్‌కేసంత పెట్టె, దాన్నుంచి వెడల్పాటి రిబ్బన్ కేబుల్, చివర 40 కాళ్ల ప్లగ్. ఒక్క కాలు వంగినా రోజు పోతుందని మా సీనియర్ ఆ ప్లగ్‌ను నల్ల స్పాంజిలో గుచ్చి దాచేవారు. "మొదటి పిన్ను ఎటుందో రెండుసార్లు చూడు బాబూ, తర్వాతే నొక్కు" అనేవారు.

బోర్డు సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటర్‌తో మాట్లాడాలి. అసలు చిప్ పెడితే అక్షరాలు చక్కగా వస్తున్నాయి. ఎమ్యులేటర్ పెడితే చెత్త. రెండు రోజులు ప్రోగ్రాంని ఒక్కొక్క పంక్తీ తవ్వాను. ఎమ్యులేటర్ పాడైందని నిర్ణయించేసుకున్నాను కూడా. మూడో రోజు పొద్దున మా సీనియర్ వచ్చి సెట్టింగుల తెర తెరిచారు. క్లాక్ అన్న చోట ఎమ్యులేటర్ సొంత గడియారం ఎంచి ఉంది. అది 12 మెగాహెర్ట్జ్. బోర్డు మీది క్రిస్టల్ 11.0592 మెగాహెర్ట్జ్. ఆ వింత అంకెకు కారణం ఉంది. 8051 లోపలి టైమర్‌తో భాగిస్తే సరిగ్గా సెకనుకు 9,600 బిట్ల వేగం వచ్చేది దానితోనే. 12తో అదే లెక్క చేస్తే 10,417 దగ్గర తేలుతుంది. ఎనిమిదిన్నర శాతం తేడా. అవతలి కంప్యూటర్ ప్రతి అక్షరంలో చివరి బిట్లను తప్పుగా చదువుకుంటోంది. ప్రోగ్రాంలో తప్పు లేదు, పెట్టెలో తప్పు లేదు. గడియారం ఎవరిదని నేను అడగలేదు, అంతే. ఆ ఎంపికను 'టార్గెట్' వైపు, అంటే బోర్డు గడియారం వైపు, మార్చగానే తెర మీద అక్షరాలు కుదురుగా నిలబడ్డాయి.

8051తోనే ఎమ్యులేటర్ తయారీదారులకు కొత్త చిక్కు వచ్చిపడింది. 8080 తన మెమరీని బయట పెట్టుకునేది, అడిగిన ప్రతి అడ్రసూ కాళ్ల మీద కనిపించేది. 8051లో ప్రోగ్రాం మెమరీ చిప్ లోపలే ఉంటుంది. లోపల ఏ అడ్రస్‌కు వెళ్లిందో బయటికి తెలియదు. బయటి మెమరీ వాడమని బలవంతపెడితే రెండు పోర్టుల కాళ్లు ఆ పనికే ఖర్చయిపోతాయి. అవి బోర్డులో దేనికో కలిపి ఉంటాయి. అందుకని చిప్ తయారీ సంస్థలు ఎమ్యులేటర్ల కోసమే ప్రత్యేకమైన చిప్‌లు చేసి ఇచ్చాయి. లోపలి సిలికాన్ దాదాపు అదే, కానీ మామూలుగా బయటికి రాని లోపలి బస్‌లన్నిటికీ తీగలు లాగి అదనపు కాళ్లు ఇస్తారు. బాండ్-అవుట్ చిప్ అంటారు. తక్కువ సంఖ్యలో తయారయ్యేవి కాబట్టి ఆ ఎమ్యులేటర్ల ధర కొండెక్కి కూర్చునేది. మా పెట్టె ఒకే ఒక్కటి. దాని కోసం వంతులు వేసుకునేవాళ్లం.

ఈలోగా మిగతావాళ్లూ రంగంలోకి దిగారు. టెక్‌ట్రానిక్స్ దిగింది. 1979లో హ్యూలెట్ పాకార్డ్ 64000 అనే వ్యవస్థ తెచ్చింది. ఇంటెల్‌దైనా, మోటరోలాదైనా, జైలాగ్‌దైనా ప్రోబ్ మార్చి అదే యంత్రంతో పనిచేసుకోవచ్చు. ఒక పదేళ్లు ఆ పెట్టెలు ఏలాయి.

వాటిని దెబ్బతీసింది ఏ పోటీ సంస్థో కాదు. కేబుల్. విద్యుత్ సంకేతం కేబుల్‌లో ఒక నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది. మీటరు కేబుల్ అంటే వెళ్లడానికి అయిదు, రావడానికి అయిదు, మొత్తం 10 నానోసెకన్లు. మధ్యలో బఫర్ చిప్‌ల ఆలస్యం వేరు. 2 మెగాహెర్ట్జ్ 8080కి గడియారం ఒక్కో కొట్టుకూ 500 నానోసెకన్లు ఉండేవి, అందులో 10 ఎవరికి కావాలి? 33 మెగాహెర్ట్జ్‌కి వచ్చేసరికి ఆ 500 కాస్తా 30 అయింది. 100 మెగాహెర్ట్జ్‌కి 10. సంకేతం వెళ్లి తిరిగి వచ్చేలోపు ఒక కొట్టు పూర్తయిపోతుంది. ఎంత డబ్బు పోసినా కాంతి వేగాన్ని కొనలేరు. పైగా 1989లో వచ్చిన ఇంటెల్ 486 లోపల 8 కిలోబైట్ల కాష్ మెమరీ ఉంది. ప్రాసెసర్ తనలో తానే చదువుకుంటూ కూర్చుంటే కాళ్ల దగ్గర కాపలా కాసి ఏం లాభం?

ఇక్కడ కాస్త పక్కదారి పట్టనివ్వండి. 80286లో లోడాల్ అనే ఆదేశం ఒకటి ఉండేది. ప్రాసెసర్ రిజిస్టర్లన్నిటినీ ఒకేసారి నింపేసేది. ఇంటెల్ తన పుస్తకాల్లో దాన్ని చెప్పలేదు. పరీక్షల కోసం, ఎమ్యులేటర్ల కోసం పెట్టుకున్నది. అయినా మైక్రోసాఫ్ట్ వాళ్ల హైమెమ్ లాంటి డ్రైవర్లు దాన్ని మామూలు పీసీల్లో వాడుకున్నాయి. ఎమ్యులేటర్ కోసం చిప్ లోపల తవ్విన రహస్య మార్గం ఇళ్లలోని కంప్యూటర్ల దాకా వచ్చిందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం వేసింది.

కేబుల్, కాష్ తెచ్చిన చిక్కుకు పరిష్కారం అనుకోని వైపు నుంచి వచ్చింది. 1980ల నడుమ చిప్‌లు చదునుగా బోర్డుకి అతుక్కోసాగాయి, కాళ్లు ఇరుకైపోయాయి. టంకం సరిగా పడిందో లేదో చూద్దామంటే పరీక్ష సూదులు ఆనించే చోటే లేదు. ఆ బాధతో యూరప్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థలు 1985లో కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి, దాని పేరే క్రమంగా జేట్యాగ్ అయింది. ప్రతి చిప్‌లోనూ నాలుగు కాళ్లు పరీక్ష కోసం కేటాయించి, వాటి ద్వారా మిగతా కాళ్లన్నిటి స్థితినీ పూసల దండలా ఒక్కొక్కటిగా బయటికి లాగాలన్నది వాళ్ల పథకం. 1990లో అది ఐఈఈఈ 1149.1 ప్రమాణమైంది. లోపల 16 స్థితుల చిన్న యంత్రం ఉంటుంది. అది ఏ మూల తప్పిపోయి ఉన్నా సరే, టీఎంఎస్ అనే కాలిని ఒకటి దగ్గర పట్టి ఉంచి గడియారం అయిదుసార్లు కొడితే ఇంటి గుమ్మానికి చేరుతుంది. అంతటి పొందికైన ఏర్పాటు ఇంజనీరింగ్‌లో అరుదుగా చూస్తాం.

టంకం చూడటానికి వేసిన దారి అది. చిప్ రూపకర్తలు దాన్ని చూసి, ఈ దారినే ఎమ్యులేటర్‌ని లోపలికి పంపితే సరిపోతుంది కదా అనుకున్నారు. పెట్టెలో ఉన్న కాపలాదారుని చిన్నగా చేసి ప్రాసెసర్ పక్కనే సిలికాన్‌లో కూర్చోబెడితే కేబుల్ ఆలస్యం లేదు, కాష్ అడ్డు లేదు. మోటరోలా బ్యాక్‌గ్రౌండ్ డీబగ్ మోడ్ పేరుతో తన దారిలో తను అదే చేసింది. కేంబ్రిడ్జ్‌కు చెందిన ఆర్మ్ సంస్థ 1994లో ఏఆర్ఎం7టీడీఎంఐ తెచ్చింది. ఆ పేరులో చివరి 'ఐ' అంటే ఎంబెడెడ్ ఐస్. ఇంటెల్ పెట్టె పేరు చిప్ పేరులో ఒక అక్షరమై కలిసిపోయింది. నోకియా 6110 ఫోన్‌లో ఉన్నది ఆ ప్రాసెసరే.

సూట్‌కేసు వేలెడంత పరికరమైంది. ఆర్మ్ తర్వాతి కార్టెక్స్-ఎం చిప్‌లకు నాలుగు తీగలూ అక్కర్లేదు, రెండు చాలు. 2005 ప్రాంతంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఒక విద్యార్థి థీసిస్‌గా మొదలైన ఓపెన్‌ఓసీడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, వంతులు వేసుకున్న మా తరానికి దక్కనిది అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు చేసే పిల్లలకు కొన్ని వందల రూపాయల్లో దక్కుతోంది. ఇంతకంటే న్యాయమైన మార్పు ఈ వృత్తిలో నేను చూడలేదు.

పోయినవీ ఉన్నాయి. పాత పెట్టెలో ఎన్ని బ్రేక్‌పాయింట్లయినా పెట్టుకునేవాళ్లం. ఏఆర్ఎం7టీడీఎంఐలో ఫ్లాష్ మెమరీ నుంచి నడిచే ప్రోగ్రాంకి రెండే. సిలికాన్‌లో చోటు ఖరీదు కదా. ప్రాసెసర్‌ని ఆపినంత మాత్రాన చుట్టూ ఉన్నవి ఆగవు కూడా. మోటారు నడిపే బోర్డులో బ్రేక్‌పాయింట్ పడిందనుకోండి, ప్రాసెసర్ నిలబడిపోతుంది, మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్ ఆ క్షణంలో ఆన్‌లో ఉంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. కొన్ని క్షణాల్లో వేడి వాసన. ప్రాసెసర్ ఆగినప్పుడు టైమర్లు ఏం చేయాలి, ప్రోగ్రాం నిలిచిపోతే చిప్‌ని రీసెట్ చేసే వాచ్‌డాగ్ ఏం చేయాలి అన్నది ముందే రాసిపెట్టాలి. పంపకాల జాబితాలో కొత్తగా చేరిన పద్దులివి.

రీసెట్ ఎవరి చేతిలో ఉందన్న పాత ప్రశ్న నన్ను ఈ మధ్యే మళ్లీ పలకరించింది. ఒక రాత్రి నేను రాసిన ప్రోగ్రాంలో రెండు కాళ్లను ఎల్ఈడీల కోసం మామూలు అవుట్‌పుట్‌లుగా మార్చాను. అవి డీబగ్ తీగలు వెళ్లే కాళ్లేనని చూసుకోలేదు. పొద్దున బోర్డు కలిపితే చిప్ కనిపించడం లేదని సమాధానం. కరెంటు రాగానే నా ప్రోగ్రామే పరుగెత్తి తలుపు లోపలి నుంచి గడియ పెట్టేస్తోంది. కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి, రీసెట్ తీగను డీబగ్గర్ చేతికిచ్చాను. ముందు రీసెట్‌ని నొక్కిపట్టు, నొక్కి ఉంచి కలువు, మొదటి ఆదేశం దగ్గరే ఆపేలా గుర్తు పెట్టు, ఆ తర్వాతే వదులు, అని నాలుగు పంక్తులు. తెర మీద రిజిస్టర్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆ రెండు కాళ్లను మార్చే ఆదేశం ఇంకా చాలా దూరంలో ఉంది. అక్కడికి చేరనివ్వకుండా ఫ్లాష్ మొత్తం చెరిపేసి, దిద్దిన ప్రోగ్రాం ఎక్కించాను. చెరగడానికి సెకను కూడా పట్టలేదు.